ఘాట్ రోడ్డు మీద రెండు ఎక్స్‌ట్రా లైట్లు

ఈసారి కొండదారి ప్రయాణానికి సామాను సర్దడం కంటే లైట్ల మీదే ఎక్కువ సమయం పెట్టాను. సాయంత్రం హైవే ఎక్కడం, అర్ధరాత్రి అడవి దాటడం, తెల్లవారేలోపు ఘాట్ ఎక్కడం... ఇదీ దారి. తోడు ఒక స్నేహితుడు, తన బైకు మీద తను.

నా బండిది హెచ్4 హాలోజెన్ బల్బు. దగ్గర్లో, కిందికి పడే లో బీమ్ 55 వాట్లు, దూరానికి పడే హై బీమ్ 60. చీకట్లో సరిగ్గా కనబడటం లేదంటే అందరూ ముందు బల్బు మార్చమంటారు. నేను వోల్టేజ్ కొలిచే మల్టీమీటర్ తీశాను. బ్యాటరీ దగ్గరున్న వోల్టేజ్ బల్బు హోల్డర్ దాకా చేరడం లేదు. కరెంటు సన్న వైర్లలో తిరిగి, హ్యాండిల్ స్విచ్ దాటి వచ్చేసరికి కొంత దారిలోనే పోతోంది. హాలోజెన్‌తో చిక్కేమిటంటే, వోల్టేజ్ 10 శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. అందుకే బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు లాగి, మధ్యలో ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్ చేసే స్విచ్) పెట్టాను. ఇప్పుడు హ్యాండిల్ స్విచ్ పని రిలేని ఆన్ చేయడమే, అసలు కరెంటు దాని జోలికి రాదు. బల్బు పాతదే. అయినా హైవే మీద రోడ్డు అంచు గీత ఇదివరకటి కంటే ముందే కనబడింది.

దీనికి తోడు క్రాష్ గార్డుకి 20 వాట్ల ఎల్‌ఈడీ లైట్లు రెండు బిగించాను. రెండూ కలిసి లాగేది మూడున్నర ఆంపియర్ల లోపే, 5 ఆంపియర్ల ఫ్యూజు సరిపోయింది. బండి స్టేటర్ (ఇంజిన్ తిరుగుతుంటే కరెంటు పుట్టించే భాగం) ఆ భారం మోయగలదో లేదో ముందే చూసుకోవాలి, లేకపోతే పొద్దున్నకి బ్యాటరీ చేతులెత్తేస్తుంది. వీటి రిలేని ఆన్ చేసే వైరుని హై బీమ్ వైరుకి కలిపాను. ఎదురుగా బండి కనబడి డిప్ కొట్టగానే, అంటే లో బీమ్‌కి మార్చగానే, ఇవీ ఆరిపోతాయి. చీకట్లో ఇంకో బటన్ కోసం బొటనవేలితో తడుముకునే పని తప్పింది. ఈ ప్రయాణంలో నాకు బాగా నచ్చింది ఇదే.

మావాడు మాత్రం హాలోజెన్ తీసేసి, అదే హోల్డర్‌లో ఎల్‌ఈడీ బల్బు దూర్చాడు. వాడు వెనకుంటే నా అద్దాల నిండా తెల్లటి మంట. ఎదురొచ్చే లారీలన్నీ వాడి మీద హై బీమ్ కొడుతూనే ఉన్నాయి. కాళ్లు చాపుకోవడానికి ఆగినప్పుడు అడిగాను, “ఏరా, నీ లైటు రోడ్డు కంటే చెట్ల మీదే ఎక్కువ పడుతోందేంటి?”

“డబ్బా మీద లూమెన్లు ఎన్ని రాశారో చూశావా?” అన్నాడు.

“అయితే ఆ డబ్బానే ముందు తగిలించు.”

నవ్వాడు గానీ విషయం అదే. లూమెన్లంటే బల్బు ఇచ్చే మొత్తం వెలుగు. అందులో రోడ్డు మీద పడేది ఎంతన్నది రిఫ్లెక్టర్ చేతిలో ఉంటుంది. హాలోజెన్ లోపల వెలిగే తీగ (ఫిలమెంట్) ఎక్కడుంటుందో దాన్ని బట్టే రిఫ్లెక్టర్ వంపు తీరుస్తారు. ఎల్‌ఈడీ చిప్పు కచ్చితంగా ఆ చోట కూర్చోకపోతే వెలుగు చెదిరిపోతుంది. కాళ్ల ముందు రోడ్డు మెరిసిపోతుంది, దూరం మాత్రం చీకటే.

అడవిలో ఆ దూరం విలువ తెలిసొచ్చింది. లైట్లేవీ లేకుండా రోడ్డు మీదే ఆగిపోయిన లారీ ఒకటి. వెనక రిఫ్లెక్టర్ స్టిక్కర్ మీద దుమ్ము పేరుకుపోయింది. నా ఎక్స్‌ట్రా లైట్లు పడి ముందుగా కనబడింది దాని చక్రం కింద పెట్టిన రాయి. గంటకు 80 కిలోమీటర్లంటే సెకనుకు 22 మీటర్లు. కన్ను చూసి, వేలు బ్రేకు మీదకు వెళ్లేలోపే 30 మీటర్లు పోతాయి. బండి ఆగడానికి, పొడి రోడ్డు మీద కూడా, ఇంకో 35 కావాలి. లో బీమ్ మీద నడిపినంతసేపూ మేం 60 దాటలేదు.

ఘాట్ కథ వేరు. మలుపులో బండిని వాలిస్తే లైటు కూడా వాలుతుంది. మనం వెళ్లాల్సిన లోపలి వైపు చీకటి, వెలుగంతా బయటి వైపు లోయలోకి. వెనక్కి తిరిగిపోయే హెయిర్‌పిన్ మలుపు దగ్గరైతే హెడ్‌లైట్ ఎదుటి కొండని చూస్తుంటుంది, రోడ్డు పక్కనుంచి తిరిగిపోతుంది. నేను రెండు లైట్లనూ సూటిగా ముందుకే పెట్టాను, హైవేకి అది సరైనదే. ఇక్కడ మాత్రం స్పీడు తగ్గించి, తల తిప్పి, కనబడినంత మేరకే వెళ్లాల్సి వచ్చింది.

పైకి వెళ్లేకొద్దీ పొగమంచు. హై బీమ్ వేస్తే ముందు తెల్లటి గోడ లేస్తుంది, ఎన్ని వాట్లుంటే ఆ గోడ అంత మందం. అన్నీ ఆపేసి ఒక్క లో బీమ్ మీద, రోడ్డు అంచు గీత పట్టుకుని పాకినట్టు వెళ్లాం. పసుపు లైటు పెట్టుకోమంటారు చాలామంది. కళ్లకు హాయిగా ఉంటుందేమో గానీ, మంచులో అసలు పనికొచ్చేది కిందుగా బిగించి, వెడల్పుగా, పై అంచు తెగినట్టుండే బీమ్ అని నా అభిప్రాయం.

పగలు లాడ్జి వెనక గోడ ముందు ఇద్దరి బండ్లూ నిలబెట్టాం. సామానంతా కట్టేసి, మనిషి కూర్చున్నాకే కొలవాలి, ఎందుకంటే వెనక బరువు పడితే ముందు లైటు పైకి లేస్తుంది. 10 మీటర్ల దూరంలో లో బీమ్ పై అంచు హెడ్‌లైట్ ఎత్తుకంటే 10 సెంటీమీటర్లు కిందికుండేలా సుద్దముక్కతో గీత గీసుకున్నాం. నాది చిన్న సర్దుబాటుతో సరిపోయింది. వాడి ఎల్‌ఈడీకి అంచే లేదు, ఎటు తిప్పినా మరకలాగే పడుతోంది. నేను ఒక్క మాటా అనలేదు. వాడే టూల్ కిట్‌లోంచి పాత హాలోజెన్ తీసి పెట్టుకున్నాడు, తర్వాత “ఆ రిలేకి ఎంత లావు వైరు వాడావురా?” అని అడిగాడు.

ఇక నా లైట్ల పని మిగిలింది. వచ్చే ఘాట్ ప్రయాణానికి రెంటినీ కొద్దిగా బయటివైపు తిప్పి, వెడల్పు లెన్సు వేయాలి. గతుకులకి ఎడమది కాస్త కిందికి వాలింది కూడా. ఈసారి బోల్టు కింద స్ప్రింగ్ వాషర్ వేసి బిగిస్తాను.