గుండు ఎటు వేలాడితే అటే కింద

పర్లాకిమిడి, ఆదివారం

మేడ మీద గదికి గోడలు లేస్తున్నాయి. పాతపట్నం నుంచి మేస్త్రి, ఇద్దరు మనుషులు ఎండ ఎక్కకముందే వచ్చేశారు. టీ ఇవ్వడానికి పైకి వెళ్ళినదాన్ని చాలాసేపు అక్కడే ఉండిపోయాను. మేస్త్రి దారానికి కట్టిన తూకం గుండుని గోడ పక్కన వదిలి, అది ఊగడం ఆగేదాకా చూసి, ఒక ఇటుకని తాపీ పిడితో మెల్లగా లోపలికి కొట్టాడు. మళ్ళీ వదిలాడు. ఈసారి సరిపోయింది. ఇన్ని ఇటుకలకీ ఏది నిలువో చెప్పేది ఆ చిన్న ఇనప గుండే.

ఆ గుండు చూపించేది దాదాపుగా భూమి నడిమధ్యని. మా మేడ మీద నుంచి సుమారు 6,371 కిలోమీటర్ల లోతు. మరి అందరి గుండ్లూ ఆ ఒక్క చోటినే చూపిస్తుంటే, రెండు గుండ్ల దారాలు ఎప్పటికీ సమాంతరంగా ఉండవన్నమాట. భూమ్మీద 111 కిలోమీటర్లు వెళితే ఒక డిగ్రీ తేడా వస్తుంది. మా ఊళ్ళో వేలాడే గుండుకీ విశాఖపట్నంలో వేలాడే గుండుకీ మధ్య డిగ్రీ పైనే తేడా. ఈ మాటే మేస్త్రితో అన్నాను.

"అయితే ఏటమ్మా, నా గోడలు పైకెళ్ళేకొద్దీ ఇడిపోతాయంటారా?" అన్నాడు.

నిజానికి విడిపోతాయి. కానీ ఒక గదిలో ఎదురెదురు గోడల మధ్య ఆ తేడా వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు. అలా చెబితే స్థిమితపడి, "గుండు అబద్దం సెప్పదమ్మా" అన్నాడు.

అక్కడే ఇటుకలు అందిస్తున్న మావాడు అందుకున్నాడు. ఎనిమిదో తరగతి, ప్రశ్నల వయసు. మన కింద, భూమికి అటువైపు ఎవరుంటారు, వాళ్ళు తలకిందులుగా పడిపోరా అని. అట్లాసు తీసి చూశాం. మాకు సరిగ్గా అటువైపు మనుషుల్లేరు. పెరూ తీరానికి చాలా పడమరగా పసిఫిక్ సముద్రం ఉంది, ఒట్టి నీళ్ళు. అయితే ఆ నీళ్ళు ఎందుకు ఒలికిపోవు అన్నాడు. ఎటు ఒలకాలి? అక్కడి నీటికి కూడా కింద అంటే భూమి మధ్యే. 'కింద' అనేది ఆకాశంలో ఎక్కడో గీసి ఉంచిన దిక్కు కాదు. ఎవరు ఎక్కడ నిలబడితే వాళ్ళ పాదాల వైపు కింద.

వాడికి ఆర్యభటుడు చెప్పింది చెప్పాను. 499లో రాసిన పుస్తకంలో ఆయన, కదంబ (కడిమి) పువ్వు గుండ్రటి బొడిపె చుట్టూ అన్ని వైపులా పూలు నిలబడినట్టు భూగోళం చుట్టూ ప్రాణులున్నాయి అన్నాడు. మహేంద్రగిరి వైపు వెళ్ళినప్పుడు ఎక్కడైనా కడిమి చెట్టు కనబడితే ఆ పువ్వు వాడి చేతిలో పెట్టాలి. భూమ్మీద మనం ఎలా నిలబడ్డామో చెప్పడానికి అంతకంటే మంచి పోలిక నేనింతవరకు చదవలేదు.

గుండు అబద్దం చెప్పదన్న మేస్త్రి మాట మధ్యాహ్నం అన్నం తింటున్నా నన్ను వదల్లేదు. చెప్పదు, నిజమే. కానీ పక్కన ఏముందో దాన్నిబట్టి కాస్త పక్కకి జరుగుతుంది. బరువున్న ప్రతిదీ లాగుతుంది కాబట్టి, పెద్ద కొండ పక్కన వదిలితే గుండు ఇసుమంత కొండ వైపు వాలుతుంది. 1802లో లాంబ్టన్ అనే బ్రిటిష్ సైనికాధికారి మద్రాసులో మొదలుపెట్టిన భూమి సర్వే ఉత్తరానికి వెళ్ళినప్పుడు ఇదే చిక్కు వచ్చింది. హిమాలయాలకి దగ్గరగా ఉన్న కలియానాకీ మధ్య భారతంలోని కలియాన్‌పూర్‌కీ మధ్య దూరాన్ని నేల మీద కొలిస్తే ఒక లెక్క, నక్షత్రాలని చూసి కడితే ఇంకో లెక్క. తేడా 150 మీటర్ల చుట్టుపక్కల. నక్షత్రాల లెక్కకి నిలువు చూపించేది గుండే కదా, దాన్ని హిమాలయాలు తమవైపు లాగాయి.

నాకు ఒళ్ళు జలదరించేది దీని తర్వాతి ముక్కకి. కలకత్తాలో ఉన్న ప్రాట్ అనే గణితం తెలిసిన ఫాదరీ కూర్చుని లెక్కగట్టాడు: అంత పెద్ద కొండలు గుండుని, నిజంగా లాగినదానికి దాదాపు మూడింతలు లాగి ఉండాలి. మరి ఎందుకు లాగలేదు? 1855లో ఎయిరీ అనే ఇంగ్లండు ఖగోళ శాస్త్రవేత్త ఒక జవాబు చెప్పాడు. కొండలకి కింద లోతుగా వేళ్ళున్నాయి, ఆ వేళ్ళ రాయి చుట్టూ ఉన్న రాయికంటే తేలిక, కొండలు ఒకరకంగా తేలుతున్నాయి. ఒక దారం, ఒక ఇనప ముక్క. వాటితో మనిషి ఎప్పటికీ చూడలేని లోతులో ఏముందో తెలిసింది! మా మహేంద్రగిరి 1,501 మీటర్లే. అది కూడా మా మేస్త్రి గుండుని ఎంతోకొంత లాగుతూనే ఉంటుంది, మా గోడకి తెలియనంత తక్కువగా.

సాయంత్రం గది నాలుగు మూలలూ ఒకే ఎత్తుకి వచ్చాయో లేదో చూడ్డానికి నీళ్ళు నింపిన పారదర్శక గొట్టం పట్టారు. ఒక చివర మేస్త్రి, ఇంకో చివర మావాడు. నీళ్ళు రెండు చివర్లా ఒకే మట్టానికి వచ్చి ఆగాయి. సముద్రం కూడా ఇలాగే ఆగుతుంది కానీ, లోపల బరువు తక్కువున్న చోట ఆకర్షణ తగ్గి నీళ్ళు పల్లంగా ఉంటాయి. ప్రపంచంలోకెల్లా లోతైన అలాంటి పల్లం మన పక్కనే, శ్రీలంకకి దక్షిణంగా ఉంది. అక్కడ సముద్ర మట్టం ఉండాల్సినదానికంటే 106 మీటర్లు తక్కువ. మన బంగాళాఖాతం కూడా ఆ పల్లం వాలులోనే ఉంది. ఎందుకలా ఉందో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వాళ్ళు 2023లో ఒక వివరణ ఇచ్చారు. ఓడలో వెళ్ళేవాళ్ళకి మాత్రం దిగుతున్నట్టే ఉండదు, ఎందుకంటే ఏది మట్టమో చెప్పేది కూడా ఆ ఆకర్షణే.

రాత్రి వాడు ఇంకోటి అడిగాడు, భూమి అంత జోరుగా తిరుగుతుంటే మనం విసిరేసినట్టు పోమా అని. మా ఊరు గంటకి సుమారు 1,580 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది. కానీ భూమధ్యరేఖ దగ్గర కూడా ఆ తిరుగుడు వల్ల తగ్గే బరువు దాదాపు మూడు వందల్లో ఒక వంతే. మనం తేలిపోవాలంటే భూమి ఇప్పటికంటే 17 రెట్లు వేగంగా తిరగాలి. ఆ తిరుగుడుకే భూమి నడుము దగ్గర కాస్త ఉబ్బింది, మధ్య నుంచి ధ్రువాల దాకా ఉన్న దూరంకంటే భూమధ్యరేఖ దాకా ఉన్నది 21 కిలోమీటర్లు ఎక్కువ. యాభై కిలోల సిమెంటు బస్తాని స్ప్రింగ్ త్రాసుకి భూమధ్యరేఖ దగ్గర తగిలించి, అదే త్రాసుని ధ్రువం దగ్గరికి తీసుకెళ్తే పావు కిలో ఎక్కువ చూపిస్తుంది. ఇది విని వాడు బస్తాలు అక్కడికెళ్ళి అమ్ముతానన్నాడు.

అత్తయ్య అంతా వింటూ మంచం మీద మోకాళ్ళకి నూనె రాసుకుంటున్నారు. "ఈ లాగుడే లేకపోతే నా కాళ్ళకి హాయిగా ఉండును కదే" అన్నారు. లేదత్తయ్యా అన్నాను. అంతరిక్షంలో బరువు తెలియకుండా ఉండేవాళ్ళకి శరీర బరువు మోసే ఎముకలు నెలకి ఒక శాతం పైనే పలచబడతాయి. అందుకే వాళ్ళు బెల్టులు కట్టుకుని మరీ నడక యంత్రం మీద నడుస్తారు, రోజూ సుమారు రెండు గంటలు వ్యాయామం చేస్తారు. మన ఎముకని గట్టిగా ఉంచేది భూమి లాగుడే, దానికి ఎదురుగా మనం లేచి నిలబడడమే. డాక్టరు నడవమన్నదీ ఇందుకే, మిమ్మల్ని కష్టపెట్టడానికి కాదు.

ఆవిడ కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "సరే, రేపు నన్నూ లేపు. తొందరగా నడవమంటే మాత్రం రాను" అన్నారు.

తెల్లారగానే బయల్దేరితే ఎండలోపు తిరిగి రావచ్చు. ముందు ఆవిడకి కొత్త చెప్పులు కొనాలి, పాతవాటి అడుగు అరిగి జారుతున్నాయి. రేపటికి నావి ఇస్తాను.