ఫోన్ మోగలేదు, అందుకే నెట్ రాలేదు

ఇల్లు మారి ఇవాళ్టికి పదకొండు రోజులు. అందులో ఆరు రోజులు నెట్ లేదు. తప్పెవరిదంటే సగం కంపెనీది, సగం నాది. కంపెనీ సగం గురించి ఇంట్లో ఇప్పటికే చాలా మాట్లాడేశాను కాబట్టి, ఇక్కడ నా సగం రాస్తాను.

నేను ఇంటి నుంచే పని చేస్తాను. అందుకే అట్టపెట్టెలు తెచ్చుకోకముందే, నెల ముందుగానే కనెక్షన్ షిఫ్టింగ్‌కి రిక్వెస్ట్ పెట్టాను. "ఆ ఏరియాలో మా సర్వీస్ ఉంది మేడమ్" అన్నారు. ఆ ఒక్క మాటతో నిశ్చింతగా కూర్చున్నాను. ఏరియాలో ఉండటం వేరు, మన బిల్డింగ్ దగ్గరి బాక్స్‌లో ఖాళీ పోర్ట్, అంటే మన తీగ తగిలించే చోటు, ఉండటం వేరు. ఫైబర్ అంటే మనింటికంటూ విడిగా ఒక తీగ అక్కడెక్కడి నుంచో నేరుగా వస్తుందనుకునేదాన్ని. ఒకే తీగలో వచ్చే వెలుగును దారిలో స్ప్లిటర్ పెట్టి 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారట. అది నిండిపోతే పక్కింట్లో నెట్ ఉన్నా మనకు రాదు. "బాక్స్‌లో పోర్ట్ ఖాళీగా ఉందా, నా పేరు మీద పెట్టారా" అని అడగాలి. నేను అడగలేదు. అదృష్టం కొద్దీ ఒక పోర్ట్ ఉంది.

పోర్ట్ ఉండీ ఆరు రోజులు ఎందుకు పట్టిందన్నదే అసలు కథ.

శనివారం ఇల్లు మారాం. ఆదివారం టెక్నీషియన్ రావాలి, రాలేదు. సాయంత్రం యాప్‌లో చూస్తే "కస్టమర్ అందుబాటులో లేరు" అని రాసి రిక్వెస్ట్ మూసేశారు. నేను రోజంతా ఫోన్ చేతిలో పట్టుకునే తిరిగాను. ఒక్క మిస్డ్ కాల్ కూడా లేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి గట్టిగానే మాట్లాడి మళ్లీ బుక్ చేశాను. మంగళవారం కూడా అదే తంతు, అదే మాట. అబద్ధాలు రాస్తున్నారని నాకు ఒళ్లు మండిపోయింది.

బుధవారం మా ఆయన ఆఫీసు నుంచి వస్తూనే "పొద్దున్నుంచి మూడుసార్లు చేశాను, ఎత్తవేం?" అన్నాడు. నా ఫోన్‌లో ఒక్క కాల్ కూడా లేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆయన ఫోన్ నుంచి నాకు చేయించాను. హాల్లో మోగలేదు, వంటింట్లో మోగలేదు, బాల్కనీలో మోగింది! ఇన్ని రోజులూ నాకు తెలియకపోవడానికి కారణం తలుచుకుంటే నవ్వొస్తుంది. లోపల సామాను మధ్య నిలబడే చోటు లేక, కస్టమర్ కేర్‌తో పోట్లాడాలన్న ప్రతిసారీ బాల్కనీలోకే వెళ్లేదాన్ని. నేను చేసిన కాల్స్ అన్నీ చక్కగా కలిశాయి మరి.

పాత ఇంట్లో ఈ బాధ ఎందుకు లేదు? ఎప్పుడో సెట్టింగుల్లో వైఫై కాలింగ్ ఆన్ చేసి మర్చిపోయాను. అక్కడ నా కాల్స్ టవర్ నుంచి కాదు, రూటర్ నుంచి వచ్చేవి. తాళాలు ఇవ్వడానికి పాత ఇంటికి వెళ్లినప్పుడు అనుమానం తీర్చుకుందామని ఫోన్ సెట్టింగుల్లో సిగ్నల్ బలం చూశాను. పడకగదిలో మైనస్ 116. కొత్త ఇంటి హాల్లో మైనస్ 119. పెద్ద తేడా ఏమీ లేదు. మైనస్ 80, 90 అంటే బాగున్నట్టు, 110 దాటితే కాల్ నిలవడం కష్టం. అంటే ఇన్నేళ్లూ నా ఇంట్లో సిగ్నల్ లేదు, ఆ సంగతి వైఫై నాకు తెలియనివ్వలేదు.

నెట్ పెట్టడానికి వచ్చే మనిషి ముందు ఫోన్ చేస్తాడు. ఆ ఫోన్ మోగాలంటే నెట్ ఉండాలి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు.

ఆ రాత్రే బాల్కనీలో నిలబడి, నా ఫోన్ అందుబాటులో లేనప్పుడు కాల్స్ మా ఆయన ఫోన్‌కి వెళ్లేలా ఫార్వర్డింగ్ పెట్టాను. ఆయనది వేరే నెట్‌వర్క్, ఇంట్లో బాగానే వస్తుంది. ఈ ఫార్వర్డింగ్ మన ఫోన్‌లో కాదు, నెట్‌వర్క్‌లో ఉంటుంది కాబట్టి నా ఫోన్ చచ్చిపడున్నా పని చేస్తుంది. కానీ మెసేజ్‌లు అలా మళ్లవు. ఓటీపీ కావాల్సినప్పుడల్లా బాల్కనీకి పరుగే.

విచిత్రమేమిటంటే అత్తయ్య ల్యాండ్‌లైన్ విషయంలో ఇదే పని నేను ఇల్లు మారడానికి ముందురోజే చేశాను. ఆవిడ బంధువుల్లో సగం మందికి తెలిసింది ఆ నంబర్ ఒక్కటే. దాన్ని కూడా మా ఆయనకే మళ్లించాం. ఆ ఆరు రోజుల్లో అత్తయ్య స్నేహితురాళ్లందరి మోకాళ్ల నొప్పుల సంగతులూ ఆయనకు కంఠతా వచ్చేశాయి. నంబర్ మాత్రం పోలేదు. రాగి తీగల ల్యాండ్‌లైన్ అయితే నంబర్ ఎక్స్ఛేంజ్‌ని బట్టి ఉండేది. మాది ఫైబర్ మీద నడిచేది, ఆ నంబర్ ఇంట్లో ఫైబర్ వచ్చి తగిలే మోడెం పెట్టెలో ఉండే ఒక లాగిన్ లాంటిది. కొత్త ఇంట్లో అదే కంపెనీ లైనుకి పెట్టె తగిలిస్తే అక్కడ మోగుతుంది.

శుక్రవారం టెక్నీషియన్ అబ్బాయి వచ్చాడు. పెట్టె పెట్టగానే లైట్లు వెలగడం, ఆరిపోవడం, మళ్లీ వెలగడం. కంపెనీని తిట్టడానికి నోరు తెరిచేలోపే, "అడాప్టర్ ఇది కాదు మేడమ్" అన్నాడు. సర్దేటప్పుడు నల్లవన్నీ ఒకే సంచిలో వేసి, పిన్ పట్టింది కదా అని ఒకటి తగిలించాను. పెట్టెకి 12 వోల్టులు కావాలి, నేను పెట్టింది 9 వోల్టులది. సంచి బోర్లిస్తే అసలుది అడుగున దొరికింది. పీకేటప్పుడే ఒక్కోదానికి కాగితం అంటించి ఉంటే సరిపోయేది.

తర్వాత ఎర్ర లైటు. అతను ఫైబర్‌లో వచ్చే వెలుగు బలాన్ని మీటర్ పెట్టి చూస్తే మైనస్ 29. మా పెట్టె లాంటివి మైనస్ 27 దాకా తట్టుకుంటాయట. చెప్పుల అర వెనక ఫైబర్ మరీ మెలిక తిరిగి ఉంది, అక్కడ వెలుగు కారిపోతోంది. దాన్ని వెడల్పు చుట్టగా చుట్టి, చివర కొత్తగా కోసి కనెక్టర్ వేస్తే మైనస్ 21కి వచ్చింది. పెట్టె సీరియల్ నంబర్ కొత్త పోర్ట్ మీద నమోదు కావడానికి ఇంకో నలభై నిమిషాలు. నెట్ వచ్చిన కాసేపటికే నా ఫోన్ హాల్లో మోగింది. అత్తయ్య స్నేహితురాలు.

ఇంకొక్క పని మిగిలింది. నేను పని చేసుకునే గది గోడలో ముందే వేసి ఉన్న ల్యాన్ కేబుల్ మీద స్పీడ్ 94 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతోంది. కేబుల్‌లో నాలుగు జతల తీగలుంటాయి, గిగాబిట్‌కి, అంటే 1000 ఎంబీపీఎస్‌కి, నాలుగూ కావాలి, 100కి రెండు చాలు. ఎక్కడో ఒక జత తెగి ఉంటుందన్నాడు టెక్నీషియన్ అబ్బాయి. వచ్చే శనివారం వచ్చి చూస్తానన్నాడు. ఈసారి మూడు నంబర్లు ఇచ్చాను, అత్తయ్య ల్యాండ్‌లైన్‌తో కలిపి.