బస్‌బార్ ముక్క, బుడితి చెంబు: నా కంప్యూటర్‌కి వాటర్ కూలింగ్ ఇలా కట్టుకున్నాను

శ్రీకాకుళంలో వేసవిలో వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లకు ప్రాసెసర్ వేడి గురించి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. నా దగ్గర ఉన్నది ఐ7-8700. కాగితం మీద 65 వాట్లే, కానీ పెళ్లి వీడియో రెండర్‌కి (ఎడిట్ చేసినదాన్ని ఆఖరి వీడియో ఫైలుగా మార్చే పని) పెడితే వంద వాట్లు దాటి లాగుతుంది. డబ్బాలో వచ్చిన ఫ్యాన్‌తో మే నెలలో 95 డిగ్రీలు మామూలు. 100కి చేరిందంటే ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. రాత్రి పెట్టిన రెండర్ తెల్లారేసరికి అవ్వదు, పొద్దున్నే పెళ్లివాళ్ల ఫోన్లు.

రెడీమేడ్ వాటర్ కూలర్ కొనుక్కోవచ్చు కదా అని చాలామంది అన్నారు. వాటిలో చాలా రకాలకు ప్రాసెసర్ మీద కూర్చునేది రాగి ప్లేటు, నీళ్ల వేడిని గాలిలోకి వదిలే రేడియేటర్ మాత్రం అల్యూమినియం. రెండు వేరే లోహాలు ఒకే నీళ్లలో ఉంటే బ్యాటరీలో జరిగేదే అక్కడా జరుగుతుంది, అల్యూమినియం కొంచెం కొంచెంగా కరిగిపోతుంది. అందుకే తుప్పును ఆపే ద్రవం పోసి, మూసేసి అమ్ముతారు. లోపల ఏమైనా అయితే విప్పి బాగుచేసుకునే వీలు చాలావాటికి ఉండదు. నాకు విప్పుకోగలిగేది కావాలి. అందుకని ఒక నియమం పెట్టుకున్నాను: నీళ్లు తగిలే లోహం రాగి కావాలి, లేదా ఇత్తడి కావాలి, మూడోది వద్దు. ఆ తర్వాత ఏ సామాను కొనాలో, ఏది వదిలేయాలో ఆ నియమమే తేల్చింది.

ముందు బ్లాక్. ప్రాసెసర్ వేడిని నీళ్లలోకి దింపే ముక్క ఇదే. మందమైన రాగి ఎక్కడ దొరుకుతుందా అని వెతికితే, ఎలక్ట్రికల్ ప్యానెల్ బోర్డులు కట్టే షాపులో బస్‌బార్ (బోర్డు లోపల కరెంటు పంచే రాగి పట్టీ) ముక్కలు కనిపించాయి. కరెంటు కోసం వాడే రాగి కాబట్టి 99.9 శాతం స్వచ్ఛంగా ఉంటుంది, ఇంతకంటే మంచి సరుకు మనకి అక్కర్లేదు. 50 మిల్లీమీటర్ల వెడల్పు, 10 మిల్లీమీటర్ల మందం ఉన్న ముక్క కిలో లెక్కన ఇచ్చారు.

నీళ్లు ఎక్కువ రాగిని తాకేలా సన్నని గాళ్లు తీయాలంటే మిల్లింగ్ మెషిన్ కావాలి అనుకుంటాం. లేత్‌తోనే పని అయిపోయింది. ముక్కను నాలుగు దవడల చక్‌లో బిగించి, నడుమ 34 మిల్లీమీటర్ల గుండ్రటి దిమ్మె వదిలి చుట్టూ 5 మిల్లీమీటర్లు దించమన్నాను. నీళ్లు కారకుండా ఆపే రబ్బరు ఓ-రింగ్ కూర్చునే గాడి కూడా అదే బిగింపులో తిప్పేశారు. దిమ్మె పైకి లేచి ఉంది కాబట్టి ఇంటికొచ్చి రెండు హ్యాక్‌సా బ్లేడ్లు కలిపి బిగించి దాని మీద వరసగా గాళ్లు కోసుకున్నాను. ఒక్కో గాడి మిల్లీమీటరుకు కొంచెం ఎక్కువ వెడల్పు వచ్చింది. రాగి మెత్తన, పళ్లకు అంటుకుంటుంది. నూనె చుక్కలు వేస్తూ, తొందరపడకుండా లాగాలి. "రాగిని బలవంతం చెయ్యకు తమ్ముడూ, ఉలి పదునుంటే అదే వస్తాది" అని లేత్ అన్నయ్య చెప్పిన మాట హ్యాక్‌సాకీ సరిగ్గా సరిపోయింది.

ప్రాసెసర్‌కి ఆనే వైపును దళసరి అద్దం మీద నీళ్ల ఎమరీ కాగితం పరిచి రుద్దాను. 400తో మొదలుపెట్టి 800, 1000, 1500 దాకా. తళతళ ముఖ్యం కాదు, చదును ముఖ్యం. స్టీలు స్కేలు అంచు ఆనించి వెలుతురుకి పట్టి చూస్తే మధ్యలో సందు కనిపించకూడదు.

మూతకి నేమ్ బోర్డులు చేసే షాపులో మిగిలిన 12 మిల్లీమీటర్ల యాక్రిలిక్ తెచ్చి, లోపల దిమ్మె పట్టేలా గుంత తిప్పించాను. నీళ్లు నడిమి నుంచి గాళ్ల మీదికి దూకి, అంచు దగ్గరున్న రంధ్రంలోంచి బయటికి పోతాయి. ఇక్కడ రెండు జాగ్రత్తలు. బిగించేకొద్దీ లావయ్యే టేపర్ మరలున్న నిపుల్స్ (గొట్టం తొడిగే ముక్కులు) యాక్రిలిక్‌లో పెడితే మూత పగులుతుంది, అందుకని నేరు మర ఉన్న ఇత్తడి నిపుల్, దాని కింద రబ్బరు వాషర్ వాడాలి. రెండోది, యాక్రిలిక్‌ని స్పిరిట్‌తో తుడవకూడదు, సన్నటి చీలికలు వస్తాయి. సబ్బు నీళ్లు చాలు.

మదర్‌బోర్డు మీద రంధ్రాల మధ్య దూరం నా ప్రాసెసర్ కూర్చునే ఎల్‌జీఏ 1151 సాకెట్‌కి 75 మిల్లీమీటర్లు, నాలుగు వైపులా అంతే. బ్లాక్‌ని బోర్డుకి బిగించే ఇదే ప్లస్ ఆకారం పట్టీ 1200 సాకెట్‌కీ సరిపోతుంది. 1700కి 78, కాబట్టి కొత్త ప్రాసెసర్ ఉన్నవాళ్లు కొలిచాకే రంధ్రాలు వేయించుకోండి. నాలుగు స్క్రూల కిందా స్ప్రింగులు పెడితే ఒత్తిడి అన్నివైపులా సమంగా పడుతుంది.

అసలు మన ఊరి ఎండకు కూలింగ్ నిలబడాలంటే చూసుకోవాల్సింది రేడియేటర్. లెక్క చిన్నదే. నిమిషానికి లీటరున్నర నీళ్లు తిరుగుతుంటే 110 వాట్ల వేడికి ఆ నీళ్లు వేడెక్కేది ఒక్క డిగ్రీ. అంటే పెద్ద పంపు పెట్టినంత మాత్రాన ఒరిగేది తక్కువ. ఆ వేడిని గదిలోకి వదిలే చోటే ఉంది పని. పైగా ఎంత పెద్ద రేడియేటర్ పెట్టినా నీళ్లు గది వేడి కంటే చల్లబడవు.

ఫ్రిజ్ మెకానిక్ దగ్గర పాత కూల్‌డ్రింక్ కూలర్ నుంచి ఊడదీసిన కండెన్సర్ (వేడిని బయటికి వదిలే గొట్టాల చట్రం) దొరికింది. బయటి రేకులు అల్యూమినియం అయినా లోపల గొట్టం అంతా రాగి, నీళ్లు తగిలేది రాగికే. నా నియమానికి సరిపోయింది. లోపల కంప్రెసర్ నూనె పేరుకుని ఉంటుంది. పెట్రోల్ పోసి ఊపి, ఆరుబయట పెట్టి గాలి కొట్టించి, తర్వాత సర్ఫ్ వేడినీళ్లు, ఆఖరున బ్యాటరీ వాటర్. బయటికొచ్చే నీళ్లలో జిడ్డు తెట్టు పోయేదాకా ఆపలేదు. దానికి రెండు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు, మధ్యలో రెండంగుళాల ప్లైవుడ్ పెట్టె. ఫ్యాన్‌ని రేకులకు ఆనించి పెడితే మోటారు ఉన్న నడిమి భాగానికి గాలి తగలదు, ఆ ఖాళీ అందుకే. ఒక ఫ్యాన్ వైరు మదర్‌బోర్డు సీపీయూ ఫ్యాన్ పిన్నుకే ఇవ్వాలి, లేకపోతే ఆన్ చెయ్యగానే ఫ్యాన్ లేదని ఎర్రర్ చూపిస్తుంది.

నీళ్లు నిలవుండే పాత్ర కోసం నరసన్నపేట మీదుగా బుడితి వెళ్లాను. సరవకోట మండలంలో ఉన్న ఆ ఊరి ఇత్తడి, కంచు పనికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. నిజానికి బ్లాక్ కూడా అక్కడే పోత పోయించాలన్న ఆశ ఉండేది. కానీ వేడిని పంపడంలో ఇత్తడి రాగిలో మూడో వంతుకు కూడా రాదు, కంచు ఇంకా తక్కువ. చెంబుకి ఆ ఇబ్బంది లేదు. వేడి ఎంత పంపినా ఎంత ఆపినా నీళ్లు పట్టి ఉంచితే చాలు. "ఏటి బాబూ, చెంబుకి బెజ్జాలెట్టి గొట్టాలేస్తావా?" అని అడిగిన పెద్దాయన, విషయం చెప్పాక తనే కళాయి వేయని, గోడ దళసరిగా ఉన్న చెంబు ఏరి ఇచ్చారు. పల్చటిదైతే వెల్డింగ్ వేడికి సొట్టపోతుందట, కళాయి ఉంటే ఆ వేడికి కరిగిపోతుందట. ఆయన చేతిలో పెట్టిన చెంబు పోత ఎంత నున్నగా ఉందో చెప్పలేను, బెజ్జం వేయించడానికి మనసొప్పలేదు. కానీ రోజూ కళ్లముందు పనిచేస్తూ ఉంటుందని వేయించాను.

దానికి రెండు నిపుల్స్ అతికింది ఫ్రిజ్ మెకానికే. రాగికి రాగి అయితే అతకడానికి ఫాస్ఫరస్ రాడ్ ఒక్కటే చాలు, ఇత్తడి తగిలిందంటే అతుకు పట్టేలా చేసే ఫ్లక్స్ పొడి తప్పనిసరి అని ఆయన చెప్పారు. అతుకుల నల్లదనం చింతపండు, ఉప్పుతో తోమి, పులుపు మిగలకుండా బాగా కడిగాను.

చెంబు ఎంచుకున్నందువల్ల ఇంకో నిర్ణయం తీసుకోవలసి వచ్చింది. కారు కూలెంట్ కలిపితే తుప్పు, పాచి రావు, కానీ అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం. తియ్యగా ఉంటుంది కూడా. పిల్లలు తిరిగే ఇంట్లో చెంబులో విషం పెట్టడం నాకు ఇష్టం లేదు. నీళ్లు తగిలేవన్నీ రాగి, ఇత్తడే కాబట్టి ఒట్టి బ్యాటరీ వాటర్ పోసి, చెంబు మూతను స్క్రూలతో బిగించేశాను. వెలుతురు పడితే పాచి పడుతుంది, అందుకని గొట్టాలు నల్లవి, యాక్రిలిక్ మూత మీద నల్ల టేపు.

పంపు 12 వోల్టుల చిన్న డీసీ పంపు. ఎయిర్ కూలర్ పంపు చవకే, కానీ 230 వోల్టులను నీళ్లలో ముంచి కంప్యూటర్ పక్కన పెట్టడం నాకు నచ్చలేదు. దీని వైర్లు ఎస్ఎమ్‌పీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే డబ్బా) పసుపు, నలుపు వైర్లకు కలిపితే కంప్యూటర్‌తోనే ఆన్ అవుతుంది, కరెంటు పోయినా యూపీఎస్ మీద ఇద్దరూ కలిసే నడుస్తారు.

బిగించే ముందు ప్రతి ముక్కనీ బకెట్లో ముంచి సైకిల్ పంపుతో గాలి కొట్టి, పంక్చర్ చూసినట్టు బుడగలు చూశాను. చెంబు అతుకు దగ్గర ఒక చోట సన్నగా వచ్చాయి, మెకానిక్ మళ్లీ అతికారు. తర్వాత కేబినెట్ బయట అన్నీ కలిపి, ఎస్ఎమ్‌పీఎస్ పెద్ద కనెక్టర్‌లో ఆకుపచ్చ వైరును నల్లదానికి కలిపితే మదర్‌బోర్డు లేకుండానే పంపు తిరుగుతుంది. కింద వార్తాపత్రికలు పరిచి రాత్రంతా అలాగే వదిలేశాను. కాగితం మీద తడి మచ్చ లేదని చూసుకున్నాకే లోపల బిగించాను.

మే నెలలో గది 36 డిగ్రీలున్నప్పుడు రెండర్‌లో ప్రాసెసర్ 72, 74 మధ్య ఉంటోంది, వేగం తగ్గడం లేదు. మన గాలిలో ఇంత తేమ ఉంది కదా, గొట్టాల మీద చెమ్మ పట్టదా అని ఎడిటింగ్ మిత్రులు అడిగారు. నీళ్లు ఎప్పుడూ గది కంటే వేడిగానే ఉంటాయి కాబట్టి పట్టదు. ఈమధ్య బ్లాక్ విప్పి చూశాను. రాగి కొంచెం ముదురు రంగుకి తిరిగింది, పచ్చ చిలుము లేదు, గాళ్లలో ఏమీ పేరుకోలేదు. ఇప్పుడు గ్రాఫిక్స్ కార్డుకి బ్లాక్ చెయ్యాలి. దాని చిప్పు చుట్టూ రంధ్రాల దూరం కార్డుకో రకంగా ఉంటుంది, అందుకని కొలతలు అట్టముక్క మీద గీసుకుని, ఇంకో బస్‌బార్ ముక్క తెచ్చి పెట్టుకున్నాను.