విశాఖలో ఇద్దరికి మూడు రోజులు: ముందు సోమవారం ఎక్కడ పడుతుందో చూసుకోండి

వైజాగ్ అనగానే జంటలు బీచ్ కనిపించే హోటల్ వెతుకుతారు. అంతకన్నా ముందు క్యాలెండర్ చూడాలి. కురుసుర సబ్‌మెరైన్, దాని ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం, కంబాలకొండ దగ్గరి జూ, మూడింటికీ సోమవారం సెలవు. శని, ఆది, సోమ పెట్టుకుని వచ్చినవాళ్లు ఆదివారం జనంలో నలిగి, సోమవారం గేటు బయట ఫొటో దిగి వెళ్తుంటారు. మంగళ, బుధ, గురువారాలైతే హాయి.

ఇంకో సంగతి, ఇది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడే గానీ అందులో దిగడు, సాయంత్రం కొండల వెనక్కి పోతాడు. కాబట్టి తెల్లవారే ఇసుక మీద ఉండాలి. సూర్యోదయం జూన్‌లో ఐదున్నరకి ముందే, జనవరిలో ఆరున్నర ప్రాంతంలో. పొద్దున్నే లేవలేమంటే పౌర్ణమికి రండి. ఇటు పొద్దు గుంకే వేళకే అటు చంద్రుడు నీళ్ల మీదికి వస్తాడు. తర్వాత రోజునుంచీ సుమారు ముప్పావుగంట చొప్పున ఆలస్యం.

మొదటి రోజు కురుసురకి తగినంత సమయం ఇవ్వండి. సోవియట్‌లో తయారై 1969లో మన నౌకాదళంలో చేరింది, 1971 యుద్ధంలో పనిచేసింది. 2001లో విరమించాక ఒడ్డుకి లాగి, మరుసటి ఏడాది మ్యూజియం చేశారు. తొంభై మీటర్లకి పైన పొడవు, లోపల మాత్రం ఇద్దరు పక్కపక్కన నడవలేరు. గదికీ గదికీ మధ్య గుండ్రటి తలుపులు. ముందు ఒక కాలు అవతల పెట్టి, తల వంచి, నడుము దాటించి, రెండో కాలు తీసుకోవాలి. చీరతో కష్టం, పొడుగువాళ్లకి నుదురు తగలడం ఖాయం. బ్యాగు వీపు మీద ఉంటే ఇరుక్కుంటుంది, ముందుకి తగిలించుకోండి. లోపల వివరించేది చాలావరకు నేవీలో చేసి రిటైరైనవాళ్లే. వాళ్ల పక్కనే నిలబడి టార్పెడో గొట్టాల గురించి అడగండి, ఓపిగ్గా చెబుతారు. ఒక చివర ఎక్కి రెండో చివర దిగాలి, వెనక్కి రావడం ఉండదు. అందుకే తెరవగానే వెళ్లాలి, జనం పెరిగితే వెనకవాళ్ల తోపులాటే తప్ప ఏమీ వినబడదు.

రెండో రోజు భీమిలి రోడ్డు. అందరూ కైలాసగిరితో మొదలుపెట్టి ఎర్రమట్టి దిబ్బలకి మిట్టమధ్యాహ్నం చేరతారు. అక్కడ తలదాచుకునే నీడ లేదు. తిరగేయండి: పొద్దున్నే నేరుగా భీమిలి (లైట్‌హౌస్, డచ్చివాళ్ల సమాధులు), తర్వాత దిబ్బలు, తొట్లకొండ (బౌద్ధ శిథిలాలు), రుషికొండ బీచ్, చివరికి సాయంత్రం కైలాసగిరి. 900కే నంబరు సిటీ బస్సు భీమిలి దాకా వెళ్తుంది, కానీ తొట్లకొండకి రోడ్డు మీద దించితే కొండంతా నడకే. ఇద్దరికీ రోజంతా ఆటోనో కారో నయం. వెయిటింగ్ ఛార్జీ ఎక్కే ముందే తేల్చుకోండి, దిగాక గొడవంతా దాని దగ్గరే.

దిబ్బల అంచున నిలబడి ఫొటోలు దిగకండి. వాన కోసిన గండ్ల మీద పైకి గట్టిగా కనిపించేది ఇసుకే, అడుగు పడగానే విరుగుతుంది. తెల్ల బట్టలు వేసుకుంటే ఆ ఎరుపు ఇంటిదాకా వస్తుంది.

స్నానం ఊళ్లోని ఆర్కే (రామకృష్ణా) బీచ్‌లో వద్దు. కాలి కింద ఇసుక హఠాత్తుగా లోతుకి జారుతుంది. అలలు విరగకుండా ప్రశాంతంగా కనిపించే చోటే ప్రమాదం, ఒడ్డుకొచ్చిన నీళ్లు సముద్రంలోకి మళ్లేది అక్కడినుంచే. లాగేస్తే ఒడ్డుకేసి ఈదకండి, ఒడ్డుకి సమాంతరంగా ఈది ఆ లాగుడు దాటాక తిరగండి. నీళ్లలోకి దిగే సరదా ఉంటే రుషికొండలో, లైఫ్‌గార్డు కళ్ల ముందే.

మూడో రోజు సింహాచలం పొద్దున్నే, శనివారం తప్పించి. స్వామి ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు, నిజరూపం అక్షయ తృతీయ నాడు మాత్రమే. ఆ రోజు జంటగా సరదాగా వెళ్లే చోటు కాదది, గంటలకొద్దీ క్యూ. మధ్యాహ్నం యారాడ బీచ్, చీకటి పడకముందే ఘాట్ రోడ్డు దిగేయాలి.

అరకుని ఈ మూడు రోజుల్లో ఇరికించకండి, ఒక రాత్రి అక్కడే పడుకునేలా విడిగా పెట్టుకోండి. వెళ్లేటప్పుడు పొద్దున్న కిరండూల్ రైలు, సొరంగాల కోసం. బొర్రా గుహలు దారిలోనే వస్తాయి గానీ అక్కడ దిగితే అరకుకి మళ్లీ బండి వెతుక్కోవాలి. టికెట్ అరకు దాకా తీసి, బొర్రాని తిరుగు ప్రయాణంలో రోడ్డు మీద చూసుకోండి.