పిట్టల లెక్కల పుస్తకం

ఆరో తరగతిలో మా సైన్సు మాస్టారు బడి పెరట్లోకి పిట్టలను రప్పించే పని పూర్తిగా మాకే వదిలేశారు. మట్టి పళ్లెంలో నీళ్లు రెండు అంగుళాల లోతు మించకూడదు, మధ్యలో గరుకురాయి ఒకటి పెట్టాలి, పిల్లి పొంచి కూర్చునేంత దగ్గరలో పొద ఉండకూడదు అని చెప్పి పక్కకు తప్పుకున్నారు. పళ్లెం ఎక్కడ పెట్టాలో మేమే వాదించుకున్నాం. మురికినీళ్ల వల్ల పిట్టలకు జబ్బులు వస్తాయని తెలిశాక, దాన్ని కడిగే వంతును ఎవరూ ఎగ్గొట్టలేదు.

మొదట్లో ఏవీ రాలేదు. "సున్నా అని రాయండి, అదీ లెక్కే" అన్నారు మాస్టారు. రాని రోజులు రాయకపోతే వచ్చిన రోజులను దేనితో పోల్చుకుంటాం? ఆ తర్వాత ఒక పిచ్చుక రాయి మీద వాలింది. తల అటూ ఇటూ తిప్పి చూసి, రొమ్ము నీళ్లకు ఆనించి, రెక్కలు టపటపలాడిస్తూ ఒళ్లంతా తడుపుకుంది. మేం ఊపిరి బిగబట్టి చూశాం.

అసలు గొడవ లెక్క దగ్గర వచ్చింది. నలుగురం నాలుగు అంకెలు చెప్పేవాళ్లం. ఎగిరిపోయిన పిచ్చుకే మళ్లీ వచ్చిందేమో ఎలా తెలుస్తుంది? ఒకేసారి కంటికి కనిపించిన వాటిలో అతి పెద్ద అంకె రాయమన్నారు మాస్టారు. మూడు వచ్చి వెళ్లాక ఐదు వస్తే ఐదే, ఎనిమిది కాదు. బ్రిటన్‌లో ఆర్‌ఎస్‌పీబీ అనే పక్షుల సంరక్షణ సంస్థ 1979లో పిల్లల కోసం మొదలుపెట్టిన తోట పక్షుల గణనలోనూ ఇదే పద్ధతి అని చాలా ఏళ్లకు చదివినప్పుడు నా సంతోషం ఇంతా అంతా కాదు.

తరగతిలో నోరు విప్పని ఒక అమ్మాయి, మగ పిచ్చుకకు గొంతు కింద నల్లటి మచ్చ ఉంటుందని అందరికంటే ముందు కనిపెట్టింది. అప్పటినుంచి లెక్కల పుస్తకం ఆమె చేతిలోనే ఉండేది.

1998లో ఉత్తర అమెరికాలో మొదలై, 2013లో ప్రపంచమంతటికీ విస్తరించిన గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ అనే పక్షుల గణన ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరుగుతుంది. కనీసం పావుగంట చూసి, కనిపించినవి ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో నమోదు చేస్తే చాలు. ఇప్పటి మన బడి పిల్లలూ అందులో చేరాలని నా కోరిక. ఉపాధ్యాయులకు ఒక విన్నపం: పెన్సిలు పిల్లలకే ఇవ్వండి. పిట్ట పేరు మీరే చెప్పేయకండి. ముక్కు ఎలా ఉందో, తోక ఎంత పొడవో, నడుస్తోందో గెంతుతోందో ముందు వాళ్లను చెప్పనివ్వండి. మా నాటి లెక్కల పుస్తకం ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి బడి గ్రంథాలయానికి అందజేయండి.