తిరిగి చేస్తే కలవని నంబర్లు

డబ్బు పోగొట్టుకున్నవారు మొట్టమొదట చేసే పని, తమను మోసగించిన నంబరుకే మళ్లీ మళ్లీ ఫోన్ చేయడం. టెలిఫోన్ శాఖలో చాలా ఏళ్లు పనిచేసి హనుమకొండలో స్థిరపడినందువల్ల, ఆ నంబరు ఎందుకు కలవడం లేదో చెప్పమని బంధువులూ ఇరుగుపొరుగువారూ నా దగ్గరికి వస్తుంటారు. నర్సంపేట వైపున ఉండే దూరపు బంధువు ఒకాయన, ఎనుమాముల మార్కెట్లో మిర్చి అమ్మిన డబ్బు ఖాతాలో పడిన కొన్నాళ్లకే, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామన్నవారి మాట నమ్మి ఓటీపీ చెప్పేసి, ఆ తర్వాత పూటంతా అదే నంబరు నొక్కుతూ కూర్చున్నాడు. "పొద్దుగాల మోగింది బావా, ఇప్పుడు స్విచాఫ్ అంటాంది" అన్నాడు. ఆ పూటలోనే ఆయన డబ్బు చాలా దూరం వెళ్లిపోయింది.

నంబరు మూగబోవడానికి మొదటి కారణం మోసగాడే. సిమ్ వాళ్లకు విస్తరాకు లాంటిది, తిన్నాక మడిచి పారేస్తారు. అది వాళ్ల పేరు మీద ఉండదు, దానికి పెట్టిన ఖర్చు కొట్టేసిన సొమ్ము ముందు లెక్కలోకే రాదు. డబ్బు కూడా మొదట పడిన ఖాతాలో నిలవదు. కమిషన్‌కు ఆశపడి తమ ఖాతాను అద్దెకిచ్చినవారి పేర్ల మీదుగా, ముక్కలు ముక్కలుగా, నిమిషాల్లో చేతులు మారిపోతుంది. అంతా అయ్యాక ఆ నంబరును ఇంకా పట్టుకొని ఉండడం వాళ్లకే ప్రమాదం, ఎందుకంటే సిమ్ ఫోన్‌లో ఉన్నంతసేపూ అది ఏ టవరు కింద ఉందో, ఏ హ్యాండ్‌సెట్‌లో ఉందో కంపెనీ రికార్డుల్లో నమోదవుతూనే ఉంటుంది.

రెండో కారణం ఫిర్యాదు. డబ్బు పోయినవారు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేసినా, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో రాసినా, అందులో ఇచ్చిన నంబరు పోలీసుల ద్వారా టెలికాం విభాగానికీ, అక్కడి నుంచి కంపెనీకీ చేరుతుంది. డబ్బు పోకుండా కేవలం అనుమానాస్పదమైన కాల్ లేదా మెసేజ్ మాత్రమే వచ్చినవారి కోసం 2024 మార్చిలో టెలికాం విభాగం వారి సంచార్ సాథీ పోర్టల్‌లో చక్షు అనే సదుపాయాన్ని తెచ్చారు. నంబరు మీద అనుమానం వచ్చినప్పుడు కనెక్షన్‌దారు మళ్లీ గుర్తింపు రుజువు చేసుకోవాలి. దొంగ పత్రాలతో తీసుకున్న సిమ్ కోసం ఎవరూ ముందుకు రారు కాబట్టి అది కట్ అవుతుంది. చాలాసార్లు ఆ సిమ్ వేసిన హ్యాండ్‌సెట్‌నే ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే ఐఎంఈఐ నంబరు ఆధారంగా అన్ని నెట్‌వర్క్‌లలోనూ నిలిపివేస్తారు. నన్నడిగితే వాళ్లకు అసలు దెబ్బ తగిలేది ఇక్కడే, ఎందుకంటే ఫోన్ అన్నది సిమ్ అంత చవగ్గా దొరికే వస్తువు కాదు. ఒకే ముఖంతో వేర్వేరు పేర్ల మీద తీసుకున్న సిమ్‌లను ఫొటోలు పోల్చి పట్టుకునే ఏఎస్‌టీఆర్ అనే సాఫ్ట్‌వేర్ కూడా టెలికాం విభాగం దగ్గర ఉంది. దానికి ఎవరి ఫిర్యాదూ అవసరం లేదు.

కేవలం విసిగించే ప్రచార కాల్స్ విషయంలోనూ చర్యకు కావలసిన ఫిర్యాదుల సంఖ్య తగ్గింది. వారం రోజుల్లో పది ఫిర్యాదులు వస్తే గానీ కదలని నిబంధనను టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025 ఫిబ్రవరిలో మార్చి, పది రోజుల్లో ఐదు ఫిర్యాదులు వచ్చినా చర్య తీసుకునేలా చేసింది.

మూడో రకం నంబరు అసలు మోసగాడి చేతిలో ఉన్నదే కాదు. విదేశంలో ఇంటర్నెట్ ద్వారా చేసిన కాల్‌కు మన దేశపు పదంకెల నంబరును ముసుగుగా తొడిగి పంపితే, మన ఫోన్ తెర మీద అది స్థానికుల కాల్‌లాగే కనిపిస్తుంది. తిరిగి చేస్తే ఆ నంబరు ఉపయోగంలో లేదని వినిపిస్తుంది, లేదా ఏ పాపమూ తెలియని మనిషి ఎత్తి తిట్లు తింటాడు. ఇలాంటి కాల్స్‌ను దేశంలోకి రాకముందే ఆపే వ్యవస్థను 2024 అక్టోబరులో ప్రారంభించినప్పుడు, మొదటి 24 గంటల్లోనే దాదాపు 1.35 కోట్ల కాల్స్‌ను అడ్డుకున్నట్లు ప్రభుత్వం ప్రకటించింది. అయితే దారి మూసుకుపోయిన చోట దొంగ ఆగిపోడు. పదుల కొద్దీ సిమ్‌లు పట్టే సిమ్ బాక్స్ అనే యంత్రాన్ని ఇక్కడే ఏదో ఒక అద్దె గదిలో పెట్టి, విదేశీ కాల్‌ను అసలైన స్థానిక కాల్‌గా మారుస్తున్నాడు. అందులోని సిమ్‌లు గంటల తరబడి ఒకే టవరు కింద ఉండి, ఒక్క కాల్ కూడా అందుకోకుండా అదేపనిగా బయటికి చేస్తూ ఉండడం వల్ల కంపెనీ లెక్కల్లో తేలిగ్గానే బయటపడతాయి, వాటిని కట్ చేస్తారు, వాటి స్థానంలో కొత్తవి వచ్చి చేరతాయి.

చాలామందిని తికమకపెట్టే సంగతి ఇంకొకటి ఉంది. మామూలు కాల్ కలవని నంబరే వాట్సాప్‌లో మాత్రం ఆన్‌లైన్‌లో కనిపిస్తుంది. వాట్సాప్ ఖాతా తెరిచేటప్పుడు ఓటీపీ కోసమే సిమ్ కావలసి వచ్చేది. ఆ తర్వాత సిమ్ తీసి పారేసినా ఖాతా నడుస్తూనే ఉండేది. అందుకే నంబరు కట్ అయిందని ఊరుకోకుండా ఆ ఖాతాను వాట్సాప్‌లోనే విడిగా రిపోర్ట్ చేయమని నేను మా వాళ్లకు చెబుతుంటాను.

కట్ అయిన నంబరు ఎప్పటికీ అలాగే ఉండిపోదు. కనీసం 90 రోజులు పక్కన పెట్టి, ఆ తర్వాత కంపెనీ దాన్ని మరొకరికి ఇవ్వవచ్చు. కాజీపేటలో కొత్త సిమ్ కొన్న కాలేజీ పిల్లకు మొదటి వారంలోనే ఎవరో ఫోన్ చేసి "నా పైసలు నాకియ్యి" అని గద్దించారంటే, తప్పు ఆ పిల్లదీ కాదు, గద్దించినవారిదీ కాదు. అందువల్ల పాత నంబరును మోసగాడిదంటూ నెలల తర్వాత వాట్సాప్ గ్రూపుల్లో తిప్పడం నాకు నచ్చదు. ఆ నంబరు ఏ తేదీన, ఏ సమయానికి మోగిందో, డబ్బు వెళ్లిన లావాదేవీకి బ్యాంకు ఇచ్చే గుర్తింపు సంఖ్య, అంటే యూటీఆర్ నంబరు ఏమిటో 1930లో చెప్పడం అంతకంటే ఎంతో ఉపయోగం. సిమ్ పారేసినా కాల్ వివరాల రికార్డులు కంపెనీ దగ్గరే ఉంటాయి. డబ్బు ఇంకా ఏదో ఒక ఖాతాలో మిగిలి ఉంటే బ్యాంకు దాన్ని ఆపగలిగేదీ యూటీఆర్ పట్టుకునే. నర్సంపేట బంధువు చేత మేము సాయంత్రానికి ఫిర్యాదు చేయించగలిగాము, ఖాతాలో పడినదాంట్లో కొంత భాగాన్ని మాత్రమే ఆపగలిగారు.

ఇన్ని సిమ్‌లు ఎక్కడి నుంచి వస్తున్నాయన్నదే నాకు అన్నిటికంటే బాధ కలిగించే ప్రశ్న. చాలావరకు మనలాంటివారి వేలిముద్రల నుంచే. రోడ్డు పక్కన గొడుగు వేసుకొని సిమ్‌లు అమ్మేవారిలో కొందరు, ముద్ర సరిగా పడలేదని చెప్పి బొటనవేలు రెండోసారి పెట్టించుకొని, ఒక సిమ్ కొనుక్కున్నవారి చేతికిచ్చి, మరొకటి వారి పేరుతోనే తెరిచి పక్కకు అమ్ముకున్న కేసులు పోలీసుల దాకా వచ్చాయి. 2023 డిసెంబరు నుంచి ఇలా సిమ్‌లు అమ్మేవారికి కూడా రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేశారు. మన రాష్ట్రంలో ఒక వ్యక్తి పేరు మీద తొమ్మిది కనెక్షన్ల వరకు ఉండవచ్చు కాబట్టి, ఒకటో రెండో వాడుకునే మనిషికి మిగిలిన ఖాళీలో ఏం జరుగుతున్నదో తెలియకపోవచ్చు. సంచార్ సాథీలో మన నంబరు, ఓటీపీ ఇస్తే మన పేరు మీద ఉన్న కనెక్షన్లన్నీ కనిపిస్తాయి, తెలియనిదాని పక్కన అది నా నంబరు కాదని గుర్తు పెడితే కంపెనీ విచారించి కట్ చేస్తుంది. మా ఇంట్లో అందరి పేర్లూ చూసినప్పుడు, బటన్ ఫోన్ తప్ప మరొకటి ఎరుగని మా చిన్నమ్మ పేరు మీద నాలుగు కనెక్షన్లు కనిపించాయి.