కప్పలకో మూకుడు నీళ్లు

ఉగాది వెళ్లిపోయినా ఒక్క వాన లేదు. విశాఖపట్నం ఆరిలోవలో మా ఇంటి వెనక గుంట నెర్రెలిచ్చింది. కప్పలు నోటితో నీళ్లు తాగవు, చర్మంతోనే పీల్చుకుంటాయి. ఊపిరి కూడా కొంత చర్మంతోనే, అదీ తడిగా ఉంటేనే. అందుకే అమ్మ పూలకుండీల మధ్య నీడలో లోతులేని మట్టి మూకుడు పెట్టింది. ఎక్కి దిగడానికి మా పాప అందులో రాళ్లు పేర్చింది. కుళాయి నీళ్లలోని క్లోరిన్ పోవాలని నాన్న వాటిని బకెట్లో ఒకరోజు ఉంచి పోస్తున్నారు. దోమల టెన్షన్ లేకుండా రోజూ మారుస్తున్నాం.

నిన్న రాత్రి టార్చ్ వేస్తే ఒక కప్ప పొట్ట నీళ్లకు ఆనించి కూర్చుంది, గొంతు కింద చర్మం టపటపా కొట్టుకుంటోంది. ఎంత సంతోషమేసిందో! ఇక్కడి కంబాలకొండ అడవి చుట్టుపక్కల ఉన్నవాళ్లు మీరూ ఒక మూకుడు పెట్టండి. మొక్కలకు పురుగుమందు మాత్రం కొట్టకండి, ప్లీజ్.